ఫిలడెల్ఫియాలో మదుర మండపము: నగరదర్శనమును గూర్చి ఒక విమర్శ

మన ప్రబంధములలో అష్టాదశవర్ణనములకు నగరవర్ణనము మొదటిది. ఆకాశము నంటు కోట, పాతాళమును తాకు అగడ్త, మేడలు, ఉద్యానములు, చతుర్వర్ణములవారు, వారకాంతలు, ఏనుగులు, గుఱ్ఱములు - ఈ వరుసలో కవి తన నేర్పునంతయు చూపును. అయినను ఆ పద్యములలో నొక నగరము పేరు తీసి వేరొక నగరము పేరు చేర్చినచో, ఛందస్సునకు భంగము కలుగవచ్చును గాని అర్థమునకు పెద్ద లోటు రాదు. ఇది ప్రబంధకవికి దోషము కాదు. ఆయనకు కావలసినది ఆదర్శనగరము; ఉన్న నగరము కాదు. కాని నిజముగా నొక నగరమునకు పోయి, దాని వీధులలో నడచి, దాని నీరు త్రాగి వచ్చినవాడు కూడ అదే రీతిని వ్రాసినచో దానిని దోషమనియే చెప్పవలసియున్నది. ఈ దోషము మన యాత్రారచనలలో ఎట్లు నెలకొన్నదో, దానికి విరుగుడేమో, నేను చూచిన యొక నగరమును ఆధారముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

నేను బెంగుళూరులో నొక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడను. ప్రతి సంవత్సరము తొమ్మిదవ తరగతి వారికి "నేను చూచిన నగరము" అను వ్యాసము ఇచ్చుట నాకు అలవాటు. ఒకడు మైసూరును గూర్చి వ్రాయును. ఒకతె హైదరాబాదును గూర్చి వ్రాయును. రాజభవనము చాల పెద్దది, తోట చాల అందమైనది, అందరము ఆనందించితిమి, సాయంకాలము ఇంటికి వచ్చితిమి. ఒక సంవత్సరము రెండు వ్యాసములను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా నగరముల పేర్లు తప్ప మిగిలినదంతయు నించుమించు ఒక్కటియే. వారు ఒకరిని చూచి ఒకరు వ్రాసినవారు కారు. పెద్దలు వ్రాసిన యాత్రావ్యాసములు చదివి, ఆ మూసను నేర్చుకొన్నవారు. విదేశములకు పోయివచ్చిన మనవారి రచనలలో సైతము జలపాతము, ఎత్తైన మేడ, విశాలమైన రహదారి, తెలుగువారి ఇంట పప్పన్నము అను నాలుగు వర్ణనములు తప్పక యుండును. అష్టాదశము చతుష్టయమైనది, అంతకుమించి భేదము లేదు.

మనకు ఇంతకన్న మేలైన మార్గము లేకపోలేదు. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, పురుషోత్తమము చూచుకొని 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. దారిలో తాను కన్న విషయములను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాయగా, ఆ మిత్రుడు 1838లో వానిని "కాశీయాత్రచరిత్ర" యను పేర ప్రకటించెను. ఆ గ్రంథమున దేవాలయములు కలవు. వానితో కూడ బాటలు, బావులు, అంగళ్లు, ధరలు, పరిపాలనము, జనుల నడవడి కలవు. నాగపురమును గూర్చిన మాటలను తీసి కలకత్తాకు అతికించుటకు వీలులేదు. కారణమేమనగా, ఆయన ప్రతి చోటను "ఇది ఇట్లు ఎందుకున్నది?" అని అడిగెను. భక్తుడై పోయియు విచారించుట మానలేదు. యాత్రారచనకు నేను గ్రహించిన కొలబద్ద ఇదియే: పేరు మార్చినను నిలుచునది వర్ణనము; పేరు మార్చినచో కూలునది దర్శనము.

గత వేసవి సెలవులలో మా చెల్లెలి ఇంటికి అమెరికా పోవుట తటస్థించినది. వారి కాపురము న్యూజెర్సీలో. డెలవేరు నది దాటిన ఫిలడెల్ఫియా. విలియము పెన్ను 1682లో నెలకొల్పిన నగరమది. మొదటి పటమును థామస్ హోము గీసెను. చదరంగపు బల్లవలె వీధులు, మధ్యను ఒక చౌకము, నాలుగు దిక్కులను నాలుగు చౌకములు. తూర్పుపడమరలుగా పోవు వీధులలో పెక్కింటికి చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్ అని చెట్ల పేర్లు. 1776 జూలై 4వ తేదీన స్వాతంత్ర్య ప్రకటనము అంగీకరింపబడిన భవనము, 1787లో రాజ్యాంగము రచింపబడిన భవనము ఒక్కటియే. అది నేటికిని నిలిచియున్నది. 1790 నుండి 1800 వరకు ఆ దేశమునకు రాజధాని ఈ నగరమే. చూడదగినవాటి పట్టిక ఇంకను పెంచవచ్చును. పట్టిక పెంచుట మన పని కాదు.

అందరును మొదట చూచునది స్వాతంత్ర్య ఘంట. దానికి ముందు బారులు తీరి నిలిచి, దాని పగులు కనబడునట్లు ఛాయాచిత్రము తీసికొని పోవుదురు. ప్రకటనము నాడు ఈ ఘంట మ్రోగినదని, ఆ మ్రోతకే పగిలినదని చెప్పుకొనువారు పెక్కురు. ఘంట కథ వేరు. పెన్సిల్వేనియా శాసనసభవారు 1751లో లండనులో చేయింపగా, వచ్చిన కొలదికాలమునకే పరీక్షలో పగిలినది. 1753లో స్థానికులైన పోతపనివారు మరల పోతపోసిరి. నేడు మనము చూచు పెద్ద పగులు 1846 నాటికి ఏర్పడినది. జూలై 4వ తేదీన ముసలి ఘంటికాపాలకుడు దానిని మ్రోగించినాడను ముచ్చట 1847లో జార్జి లిప్పర్డు అను కథకుడు కల్పించినది. దానికి "స్వాతంత్ర్య ఘంట" యను పేరు వ్యాపింపజేసినవారు 1830 దశకమున బానిసత్వమును ఎదిరించిన ఉద్యమకారులు. ఘంటపై చెక్కిన స్వాతంత్ర్యవాక్యము నల్లవారికి ఇంకను వర్తింపలేదని చూపుటకే వారు దానిని తమ గుర్తుగా గైకొనిరి. అనగా ఆ పేరు మొదట పొగడ్త కాదు, అధిక్షేపము. ఈ సంగతి ఎరుగక చూచినవానికి కనబడునది పగిలిన కంచు మాత్రమే.

ఘంటామందిరపు వాకిటనే మరియొక స్థలము కలదు. అధ్యక్షుడైన వాషింగ్టను 1790 నుండి 1797 వరకు నివసించిన గృహము అచ్చట నుండెడిది. ఆ గృహమున తొమ్మండుగురు బానిసలు పనిచేసిరి. వారిలో ఓనా జడ్జి అను యువతి 1796లో తప్పించుకొని పోయి, మరల పట్టుపడక బ్రదికెను. 2007లో త్రవ్వకములు జరిపి, 2010లో ఆ స్థలమున వారి పేర్లతో స్మారకమును ఏర్పరచిరి. స్వాతంత్ర్యపు గుర్తును చూడబోవువాడు బానిసల వసతి ప్రక్కగా నడువవలసివచ్చుట ఆ నగరమున నేను చూచిన గొప్ప వ్యాఖ్యానము. మన కోటలను, మన రాజభవనములను చూపునపుడు వానిని మోసిన భుజములను గూర్చి చెప్పు ధైర్యము మనకు ఇంకను రావలసియున్నది.

బెంగుళూరు వానికి ఆ నగరమున మరియొక ఆశ్చర్యము కాచుకొనియున్నది. 1782 ఏప్రిల్ 8వ తేదీన డెలవేరు అఖాతమున జాషువా బార్నీ అను నావికుడు ఆంగ్లేయుల "జనరల్ మంక్" అను ఓడను జయించి పట్టుకొనెను. బార్నీ నడపిన ఫిలడెల్ఫియా ఓడ పేరు "హైదర్ ఆలీ". లాల్‌బాగు తోటను 1760లో నాటించిన మన హైదరే! ఆంగ్లేయులతో పోరువాడు మాకు మిత్రుడే యని, భూగోళమునకు అవతల నున్నవారు ఆయన పేరును తమ ఓడకు పెట్టుకొనిరి. ఇక 1777 సెప్టెంబరులో ఆంగ్లసేనతో ఫిలడెల్ఫియాలో ప్రవేశించినవాడును, 1781 అక్టోబరులో యార్కుటౌనున లొంగిపోయినవాడును, 1791 మార్చి 21వ తేదీన బెంగుళూరు కోటను పట్టుకొన్నవాడును ఒక్కడే - కారన్‌వాలిసు. కృష్ణరాజ మార్కెట్టుకు కూరలకు పోవునపుడెల్ల ఆ కోట మిగిలిన గోడ ప్రక్కగా నేను నడచుచుందును. ఆ గోడకును ఈ నదికిని ఇంతటి సంబంధమున్నదని తెలిసికొనుటకు నాకు సముద్రము దాటవలసివచ్చినది.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఆ నగరపు కళామ్యూజియము గుట్టపై నున్నది, 1928లో తెరచినది. దాని ముందరి మెట్లు 72. 1976లో వచ్చిన "రాకీ" యను చలనచిత్రమున కథానాయకుడు ఆ మెట్లెక్కి చేతులెత్తును. అది మొదలు ఆ మెట్లను పరుగున ఎక్కి చేతులెత్తి ఛాయాచిత్రము తీసికొనుట ఒక వ్రతమైనది. లోపలికి పోకయే దిగిపోవువారు కోకొల్లలు. మా చెల్లెలి భర్తయు, "బావగారూ, లోపల చూడ్డానికి ఏముంది? మెట్ల మీద ఫోటో తీసుకుని పోదాం, ఎండ ముదురుతోంది" అనినాడు. ఆయనను తప్పుపట్టను. పదునైదేండ్లుగా ఆ నగరపు చేరువనే యున్నను లోపల నేమున్నదో ఆయనకు చెప్పినవారు లేరు. నాకు మాత్రము ఒకటి తెలిసియుండుటచే పట్టుబట్టి లోపలికి తీసికొనిపోయితిని.

అచ్చట ఒక గదిలో మదుర మండపము నిలిచియున్నది. క్రీ.శ. 1560 ప్రాంతమునాటి నల్లరాతి స్తంభములు. వానిపై హనుమంతుడు, గరుత్మంతుడు మొదలగువారి నిలువెత్తు మూర్తులు. మదురలోని మదనగోపాలస్వామి ఆలయమునకు చెందిన శిల్పములివి. 1912లో అడలీను పెప్పరు గిబ్సను అను ఫిలడెల్ఫియా స్త్రీ మదురకు వచ్చినపుడు, అరువదికి పైబడిన ఖండములు ఆలయ ప్రాంగణమున గుట్టలుగా పడియుండగా చూచి కొని తీసికొనిపోయెను. 1919లో ఆమె మరణింపగా కుటుంబమువారు ఆమె స్మృతిచిహ్నముగా వానిని మ్యూజియమున కిచ్చిరి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ సంస్కృతాచార్యుడు నార్మను బ్రౌను వానిని పరిశోధించి 1940లో గ్రంథము ప్రకటించెను.

తెలుగువాడు ఆ మండపమున నిలిచి స్మరింపవలసినది మరియొకటి కలదు. 1560 ప్రాంతమున మదుర నేలినవాడు విశ్వనాథ నాయకుడు. విజయనగర ప్రభువుల పక్షమున అచ్చట రాజ్యము స్థాపించిన తెలుగువాడు. ఆ నాయకుల కొలువున తెలుగు రాజసభాభాషలలో నొకటియై వర్ధిల్లినది. తరువాతి కాలమున విజయరంగ చొక్కనాథుని ఆస్థానమున సముఖము వేంకటకృష్ణప్ప నాయకుని "జైమినిభారతము" వంటి వచనగ్రంథములు పుట్టినవి. దక్షిణాంధ్ర వాఙ్మయమునకు తంజావూరుతోపాటు మదురయు పుట్టినిల్లు. ఆ రాళ్లను చెక్కిన శిల్పులు తమిళులు, ఆ కాలపు పాలకులు తెలుగువారు, కొన్నవారు అమెరికనులు, నేడు చూచువారు సర్వదేశీయులు. ఇట్టి వస్తువును "మనది" యని ఎవరు గొంతెత్తినను, ఆ మాటలో ఇతరుల భాగము కొంత మరుగుపడును.

మేము మండపములో అడుగుపెట్టబోవుచుండగా పదేండ్ల మా మేనకోడలు ఆగి, "మామయ్యా, ఇది గుడేనా? చెప్పులు విప్పాలా?" అని అడిగెను. ఇరువది సంవత్సరములు పాఠములు చెప్పిన నాకు వెంటనే సమాధానము తోచలేదు. విప్పుమనుటకు అచ్చట దేవుడు లేడు. వలదనుటకు హనుమంతుడు ఎదుట నున్నాడు. ఆ మండపమును గూర్చిన విమర్శ యంతయు ఆ బాలిక ప్రశ్నలో నిమిడియున్నది.

మ్యూజియమువారి అమరికలో గుణములు పెక్కు. శిల్పములు శుభ్రముగా నున్నవి. సున్నము పూతలేదు, నూనె జిడ్డు లేదు. ఉలి పోయిన పోకడ కంటికి కనబడును. మన ఆలయములలో విద్యుద్దీపముల తీగెలు, ఇనుప కటకటాలు, దాతల పేర్ల పలకలు మరుగుపరచు రేఖలు అచ్చట నిరాటంకముగా దర్శనమిచ్చును. చూడనిత్తురు, కూర్చుండనిత్తురు, ఎవరును తరుమరు. ఇది సామాన్యమైన ఉపకారము కాదు.

లోపములును కలవు. మండపము స్వతంత్రవస్తువు కాదు. అది గర్భాలయమునకు అంగము. ఉత్సవమూర్తి వచ్చి విడియుటకు, పురాణకాలక్షేపమునకు, నాగస్వరమునకు, బాటసారి నీడకు ఉద్దేశింపబడినది. ఫిలడెల్ఫియాలో దానికి ముందు వీధి లేదు, వెనుక గర్భగుడి లేదు, పైన ఎండ లేదు. పైగా, కొన్ననాటికే విడిభాగములై యున్న వానిని ఇప్పటి రూపున నిలిపినది పండితుల ఊహ. కావున మనము చూచునది మదురలో నుండిన మండపము కాదు. మదుర రాళ్లతో ఫిలడెల్ఫియా రచించిన మండపము. సమాసము చక్కగానే కుదిరినది. వాక్యమునకు క్రియ లేదు.

"అట్లయిన తిరిగి ఇచ్చివేయవలెను గదా" యని కొందరందురు. పరదేశి పాలనమున ధనికులకు ఇట్టి వస్తువులు సులభముగా దొరకినవనుట నిజము. ఆ నాటి బేరములను గూర్చి నేడు ప్రశ్నించుట న్యాయమే. కాని 1912లో ఆ శిల్పములు గుట్టలుగా పడియుండెనను సంగతిని మరచి వాదించుట అర్ధసత్యము. కొన్నవారి మాటకు ముందు, గుట్టవేసినవారి మాట రావలెను. గుట్టవేసినవారు మనవారు. ఒక వస్తువు మన వాడుకనుండి తొలగిన పిమ్మటనే పరుల ప్రదర్శనశాలకు చేరును. ఈ వరుసను మార్చి చెప్పుకొనుట మనకు సుఖముగా నుండును గాని, దానివలన మిగిలిన మండపములకు రక్ష లేదు.

రాతికి చెల్లినది మాటకును చెల్లును. మండపమును పరిశోధించిన నార్మను బ్రౌనే 1948లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా అధ్యయనశాఖను స్థాపించెను. అదే విశ్వవిద్యాలయమునుండి భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై పరిశోధించి 1957లో డాక్టరేటు పొందిరి; ఆ గ్రంథము 1961లో వెలువడినది. అచ్చటి ఆచార్యుడు లీ లిస్కరు 1963లో వ్యవహారపు తెలుగు నేర్పు పాఠ్యపుస్తకమును ప్రకటించెను. మన భాషను ఆ నగరము ఇంత శ్రద్ధగా చదివినది. అందులకు మనము కృతజ్ఞులము. అయితే పరిశోధింపబడిన భాషయు జీవించుచున్న భాషయు ఒకటి కావు. ధాతువులను వరుసగా పేర్చిన గ్రంథమునకు ఎంత విలువ యున్నను, ఆ ధాతువులతో అమ్మను అన్నమడుగు బిడ్డ లేనిచో అదియు మదుర మండపము వంటిదే.

నా భయము ఫిలడెల్ఫియాను గూర్చి కాదు, బెంగుళూరును గూర్చి. 1537లో ఈ ఊరికి కోట కట్టించిన కెంపేగౌడ "గంగాగౌరీవిలాసము" అను యక్షగానమును తెలుగున రచించెనని ప్రతీతి. లాల్‌బాగు బండపై నున్న గోపురమును చూపువారు ఆయన సరిహద్దు కథ చెప్పుదురు; ఈ సంగతి చెప్పరు. కన్నడదేశమున కన్నడప్రభువు తెలుగున పాడుట ఆ నాటివారికి వింతగా తోచలేదు. ఆ ఔదార్యము ఈ నగరపు అసలైన చూడదగిన వస్తువు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నేర్పవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. అధికరణము స్తంభము వలె చెక్కుచెదరక నిలిచియున్నది. నేను ఉద్యోగమున చేరిననాడు నా తరగతిలో రెండు వరుసల బల్లలు చాలెడివి కావు. నేడు ఒక వరుస నిండదు. తలిదండ్రులు ఇంట తెలుగే మాటాడుదురు. చదువుటకు, వ్రాయుటకు మాత్రము అది యెందులకని యడుగుదురు. ఎవరును మన భాషను కొని ఎత్తుకొనిపోలేదు. మనమే గుట్టవేయుచున్నాము.

కావున నగరమును చూడబోవువారు, దానిని గూర్చి వ్రాయబోవువారు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలని నా మనవి. ఈ వస్తువు ఎవరి శ్రమవలన పుట్టినది? ఇచ్చటికి ఎట్లు వచ్చినది? ఇప్పుడు ఎవరికి ఎట్లు ఉపయోగపడుచున్నది? మొదటి ప్రశ్న బానిసల వసతిని చూపును. రెండవది మదుర గుట్టను చూపును. మూడవది మన బడి బల్లలను చూపును. ఈ మూడింటికి సమాధానము వెదకిన రచనలో నగరము పేరు మార్చుట ఎవరి తరమును కాదు.

ఆనాడు మా మేనకోడలికి చివరకు, "ఇది గుడిలోనుండి వచ్చినది తల్లీ, విప్పనక్కరలేదు గాని, తొందరగా నడువకుము" అని చెప్పితిని. అది సరియైన సమాధానమగునో కాదో విజ్ఞులే నిర్ణయింతురు గాక. బెంగుళూరు తిరిగి వచ్చిన పిమ్మట పిల్లలను లాల్‌బాగు గోపురమునకు, కోట గోడకు తీసికొనిపోయి, ఆ మూడు ప్రశ్నలను చెప్పి, ఎప్పటివలెనే "నేను చూచిన నగరము" అను వ్యాసమిచ్చితిని. ఈసారి వచ్చిన వ్యాసములలో పేరు మార్చుటకు వీలులేనివి మూడు ఉన్నవి. ఆ మూడింటిని బడి బీరువాలో దాచలేదు; తరగతిలో బిగ్గరగా చదివించితిని.